జారిన జడ

కాలీ అనే ఊళ్ళో, చొంతదూరో అనే తాటిజాతి పళ్ళమ్మే బండి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు ఎదురుపడ్డారు. నూరిస్ ఒక ఆన్‌లైన్ లోకంలో మనుషుల బదులు తిరిగే బొమ్మలకు జడలల్లి అమ్ముతుంది. రెండో ఆమె ఆ లోకాన్ని నడిపే కంపెనీలో ఉద్యోగి. ఆమె తప్పుకుందామనుకునేలోపే నూరిస్ పిలిచింది.

“దాక్కుంటావేం చెల్లీ? రా, పండు తిను. ఉప్పు చల్లించనా, తేనె పోయించనా?”

“ఏదైనా సరే అక్కా.”

“మీవాళ్ళు ఆ లోకం గేటు దగ్గరే కొట్టు పెట్టారుగా. అచ్చం నా జడలే, ఊరికే పంచుతున్నారు.”

“చూశాను.”

“ఏ జడ ఎవరు కొంటారో, ఎలా అల్లుతానో కూర్చోబెట్టి అడిగింది నువ్వేగా. కొట్లవాళ్ళ బాగు కోసమన్నావు.”

“నాకూ అలాగే చెప్పారు. కొట్టు సంగతి తర్వాత తెలిసింది.”

“తెలిశాక నాకొక మాట చెప్పలేకపోయావా?”



“ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఒక్కటి మాత్రం వాళ్ళకి రాసివ్వలేదక్కా. బొమ్మ సాల్సా డాన్సు చేసేటప్పుడు జడ జారకుండా మెడ దగ్గర నువ్వు వేసే ముడి. అదైనా నీకు మిగలాలని దాచాను.”

“అదా సంగతి. నిన్న డాన్సు పోటీలో ఒక పిల్ల బొమ్మకి జడ ఊడి కాళ్ళ దగ్గర పడింది. అందరూ నవ్వారు. నూరిస్ జడలు ఇంతే అన్నారు.”

“అది మా కొట్టు జడే కదక్కా.”

“చూసేవాళ్ళకేం తెలుసు? అల్లిక నాదేగా. పొట్ట ఎలాగూ కొట్టారు, పేరైనా ఉండనీ. ఆ రోజు నన్నడిగి రాసుకున్న పుస్తకం సంచీలో ఉందా?”

“ఉంది.”

“తియ్యి. ముడి ఎలా వెయ్యాలో చెప్తాను, రాసుకుని మీవాళ్ళకివ్వు.”