సీసాలో అడవి పెంచిన బావమరిది

బావమరిది నోరు తెరిస్తే టీ కొట్టులో గ్లాసుల చప్పుడు కూడా తగ్గుతుంది. అది గౌరవం వల్ల కాదు, ఉచితంగా దొరికే వినోదం వల్ల. ఆ సాయంత్రం వాడి బావ, మూలికల వైద్యుడు మాత్రం వినోదానికి రాలేదు. ఒళ్లో కుండీ పెట్టుకుని బల్ల చివర కూర్చున్నాడు. అందులో ఉన్నది ఆయాసానికిచ్చే తీగ. అది గింజ కట్టదు, కొమ్మ పాతితే కుళ్లిపోతుంది. కొండల మీద ఉన్నదంతా జనం వేళ్లతో సహా పీక్కుపోయారు. ఆయన దగ్గర మిగిలింది ఇదొక్కటే. ఇదీ పోతే, పడుకోలేక కూర్చుని ఊపిరి లాక్కునే రోగులకి ఇవ్వడానికి ఆయన చేతిలో ఏమీ ఉండదు.

రోడ్డవతల ల్యాబులో చిన్న ముక్క నుంచి వేల మొక్కలు తీస్తారని, అక్కడ తన తమ్ముడిది పెద్ద ఉద్యోగమని, కుండీ వాడి చేతిలో పెట్టమని భార్య వారం రోజులుగా పోరుతోంది. పెళ్లాం తమ్ముణ్ణి నమ్మడమా, పెళ్లాంతో పేచీ పెట్టుకోవడమా అన్న చిక్కు పెళ్లయినవాళ్లకి విడమరిచి చెప్పనక్కర్లేదు.

బావమరిది చిన్నగానే ఎత్తుకున్నాడు. ఎవరికీ లొంగని ఒక తీగ కొమ్మని తాను ముక్కలు కోసి, సీసాలో జెల్లీ లాంటి మేత మీద పెట్టాడట, పిలకలు వచ్చాయట. అంతవరకూ వైద్యుడు నమ్మాడు. ఆయనా కాలేజీలో వృక్షశాస్త్రం చదివినవాడే. ఆ రోజుల్లో క్లాసు మొత్తానికి ఒకటే మైక్రోస్కోపు, అందులో ఎవరికి వాళ్లకి కనిపించింది సొంత కనురెప్పే, అది వేరే సంగతి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా బావా? పిలకలకి పిలకలు, వాటికి మళ్లీ పిలకలు. ఊళ్లో సీసాలన్నీ తెప్పించినా చాల్లేదు. ఒక మూత ఎగిరి సీలింగుకి తగిలి, పెచ్చు ఊడి నా నెత్తిన పడింది. ఇదిగో మచ్చ."

"అది మా కొట్టు రేకు తగిలి పడ్డది కదా మావయ్యా?" అన్నాడు టీ కొట్టాయన.

ఇది దాని పక్కదని బావమరిది కొట్టిపారేసి, తీగని కిటికీలోంచి రోడ్డు మీదికి పాకించాడు. ఒక బస్సు అందులో చిక్కుకుందట. ఆకు వాసన పీల్చి ప్రయాణికుల ఆయాసం పోయిందట, పొగ కక్కే ఆ బస్సు కూడా దగ్గడం మానేసిందట. ఆసుపత్రిలో ఆయాసం వార్డుకి తాళం పడిందట. పెద్ద డాక్టరు వచ్చి కాళ్ల మీద పడితే, లేవనెత్తి సీసాలు కడిగే పని ఇప్పించాడట.

"ఆ కుండీ ఇలా ఇవ్వు. ముక్క నాకు చాలదు, మొక్క మొత్తం కావాలి. పది రోజుల్లో నీ ఇల్లు తీగల్లో కనపడదు చూడు," అని చెయ్యి చాచాడు.

అవసరం మనిషిని వెర్రివాణ్ణి చేస్తుంది. వైద్యుడి వేళ్లు కుండీ మీద వదులయ్యాయి కూడా. ఇచ్చేముందు ఊరికే అడిగాడు, పొద్దస్తమానం ఒంటరిగా కోస్తూ కూర్చుంటే విసుగెత్తదా అని.

"విసుగెందుకు బావా? కబుర్లు చెబుతూనే కోస్తాను. ఒక్కో సీసా మూత తీసి, నోటి దగ్గర పెట్టుకుని, యోగక్షేమాలు అడుగుతాను. నా మాటలు వినే అవి అలా పెరిగేది."

వైద్యుడు కుండీ వెనక్కి లాక్కున్నాడు.

"ఒరేయ్, పొద్దున నీ కోసం ల్యాబుకి వచ్చి, ముక్కలు కోసే గది అద్దం దగ్గర నిలబడ్డాను. మోచేతుల దాకా కడుక్కుని, మూతికి గుడ్డ కట్టుకుని, కత్తి కాల్చే మంట ముందు కూర్చుని కోస్తున్నారు. కత్తి కావాలన్నా వేలితో సైగే. నోటి తుంపర పడితే సీసాలన్నీ బూజు పడతాయని తలుపు మీద బోర్డు కూడా ఉంది. ఆ పనికి ముందు కావాల్సింది నోరు మూసుకోవడం. నువ్వు అక్కడ ఒక్క పూట కూర్చుని ఉంటే, వాళ్లు ఈపాటికి బూజు అమ్ముకుని బతుకుతుండేవాళ్లు."

తీరిగ్గా నవ్వడానికి టీ కొట్టాయన స్టవ్ తగ్గించాడు. "అందుకేనా మావయ్యా, నిన్ను గేటు దగ్గర కూర్చోబెట్టారు?"

నోరు మూసుకుని కొయ్యడం పాత పద్ధతని బావమరిది ఏదో మొదలుపెట్టాడు. వినేవాళ్లు లేరు. వైద్యుడు కుండీని గుండెకి ఆనించుకుని రోడ్డు దాటుతున్నాడు. బావమరిది కాయవలసిన గేటు బార్లా తెరిచే ఉంది.

వెనకనుంచి గొంతు తగ్గించిన మాట వినపడింది. "బావా, అక్కకి చెప్పకు."

ఆ సాయంత్రం వాడి నోట వచ్చిన నిఖార్సయిన మాట అదొక్కటే.