నలభై పేజీల రుజువు

గట్ల మొఖం పక్కకు తిప్పుకుంటె ఎట్లన్నా? నౌకరి పోతుంటె నోరు తెర్వరాదా? పదేండ్లు ఇబ్రహీంపట్నంల స్తంభాలెక్కి ఇంటర్నెట్ వైర్లు గుంజినవ్. మీ ఓనరు రమాకాంత్ నీ మీద నేనిచ్చిన కాయితాలు జూసి తెల్లారే నిన్ను తీసేసిండు. అండ్ల ఒక్క ముక్క సమజైందా ఆయనకు? పేజీలు మస్తున్నయని నమ్మిండు, అంతే.

నీకు మాత్రం ఏం సమజైతదిలే ఐలేషన్నా. చెప్త విను.

నాది ఆదిభట్ల కంపెనీల కొలువు, ఇంటికాంచే పని. దినాం పగటీలి ఒంటిగంట నుంచి మూడింటి దాంక మీటింగుల నెట్ ఆగి నా గొంతు తెగిపోతుండె. ఇంకో నెల చూస్త, గంతే అన్నడు మేనేజరు. ఎవడన్న ఓర్సుకుంటడా? అందుకే కంప్యూటర్ల స్క్రిప్టు, అంటె చిన్న ప్రోగ్రాం, రాసిన. అది సెకనుకొకసారి నెట్ మీదికెళ్లి బయటి సర్వర్‌కు చిన్న ప్యాకెట్, జాబు లెక్క, పంపుతది. ఎంతసేపట్ల మర్లొచ్చింది, ఎన్ని నడుమనే పోయినయ్ అని రాసుకుంటది. ఒంటిగంట దాటంగనే నూటికి నలభై గాయబ్! తప్పు నీ వైర్లదే అని నలభై పేజీలు ప్రింటు తీసి మీ ఓనరుకిచ్చిన, కాలనీ గ్రూపుల గుడ పెట్టిన. అందరు శభాష్ అన్నరు.

నువ్వప్పుడు మా ఇంటికొచ్చి ఏమన్నవ్? "జర మీ ఇంట్ల వైఫై డబ్బా కాడ చూడు తమ్మీ" అన్నవ్. పదో తరగతి తప్పినోడు నాకు చెప్తడా అని నలుగురి ముంగట నవ్విన. అవ్, నవ్విన.

నిన్న ఆ స్క్రిప్టుల ఇంకో లైను రాసిన. సర్వర్ దాంక కాదు, మా లోపలి అర్రల వైఫై డబ్బా దాంకనే కొలిచెటట్టు. ముందుగాల రాయాల్సింది గదే, ఎవడైనా మొదలు నేర్సుకునేది గదే. చూస్తె నూటికి నలభై పోయేది ఆడనే.

అర్రలకు పోయిన. డబ్బా మీద స్టీలు గంజు బోర్లిచ్చి ఉన్నది. మా నాయనమ్మ మైసమ్మ ఒంటిగంటకు బువ్వ తిని ఆడ పండుకునేటప్పుడు, లైట్లు కండ్లల్ల మెరుస్తున్నయని దినాం మూస్తదట. మూడింటికి లేచినంక అదే గంజుల చాయ పెడ్తదట. ఆ చాయ నేను దినాం తాగుతున్న.

లేవకు, కూసో. రమాకాంత్‌కు చెప్పిన్నా అంటవా? పోయిన. ఆఫీసు గేటు దాంక పోయి మర్లొచ్చిన. గ్రూపుల గంతమంది శభాష్ అన్నంక ఏ మొఖం పెట్టుకోని చెప్పాలె?

నువ్వే పోయి చెప్పన్నా. గంజు సంగతి నువ్వే కనిపెట్టినవని చెప్పుకో. నన్నడిగితె... కాదనను.