గోదావరి బ్రిడ్జి మీద గుండీ

ముక్త్యాల రోడ్డు మలుపులో, జయమణి టీ బడ్డీ దగ్గర వరప్రసాదరావు గొంతు సవరించుకునేసరికి నాలుగున్నర. ఐదింటికల్లా లిస్టు పాస్టర్‌గారి చేతిలో పెట్టాలి. ఆ లిస్టు జాయిస్ దగ్గరుంది. అందులో పద్నాలుగు పేర్లున్నాయి. అన్నిటికీ పైన ‘కెప్టెన్’ అని రాసిన చోట మాత్రం గీత గీసి ఖాళీగా ఉంది.

సంగతేంటంటే, చర్చి యూత్ పిల్లలు సైకిళ్ళ మీద జగ్గయ్యపేట నుంచి బందరు సముద్రం దాకా వెళ్ళొస్తామని ఏడాదిగా ఒకటే గోల. పద్నాలుగు మందిలో పదకొండు మంది సముద్రం మొహం ఎరగరు. పాస్టర్‌గారు సరేనన్నారు గానీ ఒక్క మాట మీద నిలబడ్డారు. దూరాలు తొక్కిన పెద్దమనిషి ఒకాయన అందరికంటే ముందు సైకిలు మీద ఉండాలి. హైవే మీద ఎదర గతుకుందో గొయ్యుందో చూసి వెనకవాళ్ళకి చెయ్యి చూపించాలి. అలాంటి మనిషి దొరక్కపోతే ప్రయాణం లేదు. పోయినేడాది దొరకలేదు, ప్రయాణం ఆగిపోయింది. తుడిచి, నూనెలు పోసి సిద్ధం చేసుకున్న సైకిళ్ళ పక్కన పిల్లలు నిలబడ్డ తీరు జాయిస్ ఇప్పటికీ మర్చిపోలేదు. నందిగామలో లెక్కల టీచరుగా చేసుకుంటూ ఉన్నది చాలక, యూత్ సెక్రటరీగా ఉంటానని ఒప్పుకున్నందుకు ఆ మనిషిని వెతికే పని ఆమె నెత్తినే పడింది.

వరప్రసాదరావు సిమెంటు ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్లో ముప్ఫయ్యేళ్ళు చేసి రిటైరయ్యాడు. కుర్రతనంలో సైకిలు టూరు చేశాడని పేటలో తెలియనివాళ్ళు లేరు. తెలియకుండా ఆయన ఎవర్నీ ఉండనివ్వలేదు.

“రాసెయ్యమ్మా నా పేరు,” అన్నాడు, బల్ల మీద సర్దుకు కూర్చుంటూ. “ఆలోచించేదేముంది? నదులూ సముద్రాలూ సైకిలు మీద దాటినవాణ్ణి ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే.”

“సముద్రాలా బాబాయ్?” అంది జాయిస్.

“తొందరపడకు. వరసన చెప్తా.”

ఆయన పక్కనే సొలొమోను కూర్చున్నాడు. రెండెకరాల రైతు. సైకిలు కరెంటు స్తంభానికి ఆనించి, రోజూ ఇదే వేళకి ఇదే బల్ల మీద టీ తాగుతాడు. ఇవాళ కూడా ఆ సైకిలు క్యారియర్ మీద యూరియా బస్తా ఉంది.

“అమ్మాయ్, ఆ లిస్టులో...” అన్నాడు సొలొమోను.

“ఆగరా, నేను చెప్తున్నా గదా!” అన్నాడు వరప్రసాదరావు. సొలొమోను ఆగాడు. మనవడి పేరు రాయించడానికి అయ్యుంటుందిలే అనుకుంది జాయిస్.

“ఎనభై ఏడో సంవత్సరం. డిగ్రీ తప్పా. వీడూ తప్పాడనుకో, తోడుండాలి గదా. ఇంట్లోవాళ్ళకి మొహం చూపించలేక, విజయవాడ, రాజమండ్రి మీదుగా పోయి సముద్రం చూసొద్దాం అనుకున్నాం. పెద్ద ప్రయాణం కదా, ముందొక ప్రాక్టీసు ఉండాలని ముక్త్యాల రేవులో కృష్ణ దాటా. బల్లకట్టు మీద. ఇందులో గొప్పేం లేదు, బర్రెలు కూడా దాటతాయి. మూడు టిక్కెట్లు కొన్నా, మనుషులకి రెండు, సైకిలుకి ఒకటి.”

ఇద్దరు మనుషులు, రెండు సైకిళ్ళు అయితే నాలుగు టిక్కెట్లు కావాలే అని జాయిస్ బుర్రలో లెక్క తట్టింది. అడగడానికి ఆయన సందిస్తే గదా.

“నడి ఏట్లోకి పోయాం. బల్లకట్టు మీద రెండు లారీలు, ఒక పెళ్ళి బస్సు. ఠప్పున తాడు తెగింది. పెళ్ళివారు గొల్లుమన్నారు. ఆ తర్వాత నేనేం చేశానో తెలుసా? సైకిలు తీసుకెళ్ళి అంచున స్టాండేసా. వెనక చక్రం నీళ్ళకి ఆనేటట్టు పెట్టి, మడ్‌గార్డ్ ఊడబీకి, తొక్కడం మొదలెట్టా. పావుగంటలో అవతలి ఒడ్డు. పెళ్ళివారు దిగి నాకు ముందు తాంబూలం ఇచ్చారు, పెళ్ళికొడుక్కి తర్వాత.”

“పెళ్ళికూతురు చూసిందా మిమ్మల్ని?” అంది జయమణి, పాలు పొంగకుండా మంట తగ్గిస్తూ.

“చూసింది. పాపం, ఏం లాభం, అప్పటికే ముహూర్తం అయిపోయింది.”

పక్క వీధిలో సిమెంటు, ఇనుము కొట్టున్న శ్రీమన్నారాయణ టీ తాగడానికొచ్చి నిలబడ్డాడు. “విజయవాడ మీదుగా రాజమండ్రి పోయేవాడికి కృష్ణ దాటే పనేముందయ్యా?” అన్నాడు.

“అందుకే ప్రాక్టీసు అన్నది శెట్టిగారూ. పనున్నప్పుడు దాటితే అది ప్రయాణం అవుద్ది. సరే, తిరిగొచ్చి నందిగామ దాటా. కీసర దగ్గర మునేరు రోడ్డెక్కి పారుతోంది. బస్సులు ఆగిపోయాయి. నేనాగలా. కాళ్ళు రెండూ పైకెత్తుకుని, ప్యాంటు తడి కాకుండా దాటేసా.”

“కాళ్ళు ఎత్తేస్తే సైకిలెలా పోద్ది?” అంది జయమణి.

“పోయింది మరి! అడుగు వీణ్ణి, పక్కనే ఉన్నాడుగా సాక్షి. పోయిందా లేదా?”

“పోయింది,” అన్నాడు సొలొమోను, గ్లాసులోకి చూస్తూ.

“విన్నావా! వీడు అబద్ధం చెప్పడు. చెప్పడం చేతకాదు వీడికి. ఇక రాజమండ్రి. గోదావరి బ్రిడ్జి. కింద రైలు, పైన నేను. గాలి చూస్తే మనిషిని ఎత్తుకుపోయేటట్టుంది, చొక్కా గుండీ ఊడిపోయింది. రొమ్ము విప్పుకుని రాజమండ్రిలో అడుగుపెడితే పరువేముంటది? జేబులోంచి సూదీ దారం తీసా. ఒక చేత్తో చొక్కా పట్టుకున్నా, ఇంకో చేత్తో కుట్టుకుంటూ పోతున్నా. నాలుగు కిలోమీటర్ల బ్రిడ్జి, నాలుగు కుట్లు. కిలోమీటరుకో కుట్టు. మూడో కిలోమీటరు దగ్గర గతుకొచ్చి సూది తప్పింది, అంతే. అటు ఒడ్డు చేరేసరికి గుండీ పెట్టుకుని దిగా.”

సొలొమోను ఎడమ భుజం ఒకసారి కదిలించుకున్నాడు.

జాయిస్ వాచీ చూసుకుంది. నాలుగూ ముప్పావు. ఇందులో ఎంత నిజం, ఎంత కోత? అసలు టూరంటూ జరిగింది, సాక్షి ఒప్పుకుంటున్నాడు. కోతలు తీసేసినా రాజమండ్రి దాకా తొక్కినవాడైతే బందరుకి చాలు. పెన్ను మూత తీసింది. మనసు ఒప్పలేదు, పెట్టేసింది.

“అమ్మాయ్,” అన్నాడు సొలొమోను మళ్ళీ, “నేననేదేంటంటే...”

“చిలికా సరస్సు రానివ్వరా!” వరప్రసాదరావు అప్పటికే ఒరిస్సాలో ఉన్నాడు. “అక్కడ బ్రిడ్జీ లేదు, బల్లకట్టూ లేదు. జాలర్లు నీళ్ళలో వెదుళ్ళు పాతి ఈ చివర నుంచి ఆ చివరకి వలలు కట్టారు. వాటి మీద తొక్కా. నులక మంచం మీద నడిచినట్టుంటది, కాస్త ఊగుద్ది, అంతే. కొంగలు లక్షా పదకొండు వేలు. నేనే లెక్కపెట్టా. పదకొండు వేలెందుకంటావేమో, లక్ష అంటే ఎవరూ నమ్మరని.”

శ్రీమన్నారాయణ రెండో టీ చెప్పాడు.

“పూరీ చేరేసరికి ఇంటి మీద బెంగ పట్టుకుంది. ఎనిమిది వందల కిలోమీటర్లు మళ్ళీ అదే రోడ్డా? లారీలూ, దుమ్మూ! సముద్రం వంక చూసా. అడ్డం పడి పోతే తిన్నగా బందరు. ఏం చేశానో తెలుసా? క్యారియర్ మీద మన పేట సిమెంటు ఎనిమిది బస్తాలు కట్టా. దోసిలితో ఎదర చల్లుకుంటూ బంగాళాఖాతంలోకి దిగా. సిమెంటు పడ్డచోట నీళ్ళు గట్టిపడతయ్, చక్రం దాని మీదికెక్కుద్ది. మళ్ళీ చల్లు, మళ్ళీ ఎక్కు.”

“ఉప్పునీళ్ళలో సిమెంటు గబుక్కున బిగిసిపోద్ది, పగిలిపోద్ది,” అన్నాడు శ్రీమన్నారాయణ. సరుకు మాటొస్తే ఆయన ఊరుకోలేడు.

“అందుకే బెల్లం కలిపా.”

“బెల్లం కలిస్తే అసలు బిగవదు!”

“అదీ లెక్క! ఉప్పు తొందరపెడుద్ది, బెల్లం ఆపుద్ది. రెండూ పోట్లాడుకుని సరిగ్గా నా చక్రం వచ్చే టైముకి రాజీపడతయ్.”

శ్రీమన్నారాయణ టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. ముప్ఫయ్యేళ్ళుగా సిమెంటు అమ్ముతున్నాడు గానీ ఈ పాళ్ళు ఎక్కడా వినలేదు.

“మరి ఆ రోడ్డేదీ ఇప్పుడు?” అంది జయమణి.

“మా వీధిలో వేసిన రోడ్డే రెండు వానలకి కొట్టుకుపోయింది, సముద్రంలో వేసింది ఉంటదా? విను. మూడో రోజు మబ్బు పట్టింది. తాటిచెట్టంత అలలు. తిమింగలం ఒకటి రోడ్డు బాగుందని వెనకే వస్తోంది, హారన్ లేదు దానికి, సైడివ్వమని ఎట్లా అడుగుద్ది పాపం! నేనే వెనక్కి చూసి చెయ్యూపా, పోయింది. బస్తాలు ఏడు అయిపోయాయి. ఎనిమిదోది సగం ఉంది. బందరు ఎంత దూరముందో తెలీదు. సిమెంటు ముందు అయిపోద్దా, సముద్రం ముందు అయిపోద్దా? గుండె దడదడలాడుతోంది!”

వరప్రసాదరావు నుదుట నిజంగానే చెమట పట్టింది. తన కథలో తనే మునిగిపోతున్నాడు. బడ్డీ దగ్గర ఎవరూ టీ తాగడం లేదు.

జాయిస్‌కి ఉన్నట్టుండి ఒక సంగతి తట్టింది. ఇంతసేపూ ఈయన పక్కనున్నవి చెప్పాడు, కిందనున్నవి చెప్పాడు, వెనకనున్నవి చెప్పాడు. ఆమెకి కావలసింది ఎదర చూసే మనిషి.

“బాబాయ్,” అంది. “అప్పుడు ఎదురుగా ఏం కనపడింది? ఒడ్డు కనపడిందా?”

“ఎక్కడ కనపడుద్దమ్మా!” వరప్రసాదరావు విసుక్కున్నాడు. “ఎదురుగా వీడి వీపు అడ్డం గదా!”

పాలు పొంగి పొయ్యిలో పడ్డాయి. జయమణి చూసుకోలేదు.

“ఎవరి వీపు?” అన్నాడు శ్రీమన్నారాయణ మెల్లగా.

వరప్రసాదరావు అరచేత్తో నుదుటి చెమట తుడుచుకున్నాడు. జాయిస్ వేళ్ళు మడిచి లెక్కేసుకుంది. మూడు టిక్కెట్లు. పైకెత్తిన కాళ్ళు. సూది పట్టుకోవడానికి ఖాళీగా ఉన్న రెండు చేతులు. కోతలనుకున్నవే నిజాలు.

“క్యారియర్ మీద కూర్చున్నావా బాబాయ్? దారి పొడుగునా?”

“డబుల్స్ అంటే... ఇద్దరూ ఒకటే గదమ్మా...”

“ఒక్కరోజైనా తొక్కావా?”

“నాకు తొక్కడం రాదు,” అన్నాడు వరప్రసాదరావు, నేల చూస్తూ. ఆయన గొంతు అంత చిన్నగా ఉండగలదని బడ్డీలో ఎవరికీ తెలీదు.

జాయిస్‌కి కోపం ఆగలేదు. “పద్నాలుగు మంది పిల్లల్ని నీ వెనక హైవే మీదికి పంపించేదాన్ని బాబాయ్! పేరు రాసేసేదాన్ని ఇందాక!” అంది. ఆమె సొలొమోను వైపు తిరిగింది. “నువ్వైనా చెప్పొద్దా బాబాయ్ ఇన్నేళ్ళూ?”

“చెప్దామనే ఇందాకటి నుంచి చూస్తున్నా. నా పేరు రాస్తావేమోనని,” అన్నాడు సొలొమోను. “విశాఖపట్నం దాకా వెళ్ళాం, అంతే. రానూపోనూ పదకొండు రోజులు. ఇన్నేళ్ళూ అంటావా, వాడు చెప్తుంటే నాకూ బాగుంటది. నేను తల దించుకుని రోడ్డు చూసుకుంటూ తొక్కా. గోదావరిని నేను చూళ్ళేదమ్మా. పడవలూ, లంకలూ, కింద పోయే రైలూ, అన్నీ వీడు వెనక నుంచి చెప్తేనే చూసా. వీడు నోరు మూసుకునుంటే ఏలూరు నుంచే వెనక్కి తిరిగొచ్చేవాణ్ణి.”

ఐదుకి ఐదు నిమిషాలు. జాయిస్ పెన్ను మూత తీసి గీత మీద సొలొమోను అని రాసింది. ఈసారి మనసు ఒప్పింది.

“అయితే ఒకటి,” అన్నాడు సొలొమోను. “వెనక లారీ వస్తోందని చెప్పడానికి నాకు మనిషి కావాలి.”

“ఈ వయసులో డబుల్సా బాబాయ్?”

“రోజూ ఆ బస్తా మోసుకుపోవట్లా? బరువుదేముంది. బస్తా మాట్లాడదు, అదే కష్టం.”

జాయిస్ పద్నాలుగు పేర్ల కింద పదిహేనోదిగా వరప్రసాదరావు పేరు కూడా రాసి, లిస్టు మడిచి లేచింది.

వరప్రసాదరావు ఖాళీ గ్లాసు జయమణికి ఇచ్చి, సొలొమోను వైపు జరిగాడు. “క్యారియర్ మీద కాస్త మెత్తగా ఏదన్నా వేస్తావంట్రా?”

“గోనెపట్టా వేస్తాలే,” అన్నాడు సొలొమోను, ఎడమ భుజం వెనక, అప్పట్లో సూది దిగిన చోట రుద్దుకుంటూ. “నువ్వు మాత్రం గుండీలు ఇంటి దగ్గరే కుట్టించుకుని రా.”