మంచు రాని కొండ

పడే ఉంటుంది, ఈ రాత్రైనా మంచు పడే ఉంటుంది అనుకుంటూ, కొండ మీద పరిచిన బంగాళాదుంపల్లో ఒకదాన్ని ఆమె నొక్కి చూసింది. రాయిలా గడ్డకట్టాల్సిన దుంప మెత్తగా చితికింది.

"ఏమే, గడ్డకట్టాయా?" అన్నాడు వెనక నుంచి భర్త.

"లేదయ్యా. కుళ్ళు వాసన."

"మంచెక్కడిది? మన కొండదేవుడికి బట్టతల వచ్చేసింది."

"అలా అనకు, వింటాడు."

"నిరుడు మొక్కితే విన్నాడా? పద, కుస్కో పట్నం పోయి హోటల్లో అంట్లు తోముకుందాం. అక్కడ టూరిస్టులకి మన చున్యో చారంటే ప్రాణమట."

"చున్యో ఎక్కణ్ణించి వస్తుందయ్యా? గడ్డకట్టిన దుంపల్ని తొక్కి, నీళ్ళు పిండి ఎండబెట్టేది మనమేగా?"

అతను బట్టల మూట భుజానికెత్తుకున్నాడు.

"బస్సొచ్చే వేళైంది, రావే."

ఆమె చెప్పులు విప్పి, కుళ్ళిన దుంపల మీదికెక్కి, ఏటా తొక్కినట్టే తొక్కడం మొదలుపెట్టింది.