నమిలిన ఆకు

ఘానాలో, వోల్టా నదికి అవతల, మలేరియాకి కొత్త మందు వెతికే ప్రయోగశాల. కరెంటు పోయింది. ఉన్న జనరేటరు ఫ్రిజ్జులకే చాలదు, ఇంక ఫ్యాన్లకెక్కడిది! తలుపులు బార్లా తీసుకుని పెద్ద డాక్టరు అగ్బెకో, ఆయన దగ్గర పనిచేసే అమ్మాయి ఎన్యోనాం తగువులాడుకుంటున్నారు.

"పెట్టను సార్. చంపినా ఆ కాగితం మీద సంతకం పెట్టను."

"ఎన్యోనాం, మొండికెయ్యకు. ఆ ఆకుని మూడేళ్ళు పిండాం. నలభై రకాలుగా సారం తీశాం. ఒక్క క్రిమి చచ్చిందా?"

"చావలేదు."

"మరి? 'ఆకులో పస లేదు, వెతకడం ఆపేస్తున్నాం' అని సాయంత్రంలోగా పంపాలి. డబ్బిచ్చేవాళ్ళు తొందరపెడుతున్నారు."

"తొందరపెట్టనీండి. ఈమధ్య పిల్లల వార్డుకి వెళ్ళారా మీరు? ఉన్న బిళ్ళలు వేస్తే జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెడుతోంది. ఆపేది ఇప్పుడా?"

"నన్నేం చెయ్యమంటావమ్మా? పనికిరాని ఆకుని నెత్తిన పెట్టుకుని ఊరేగనా?"

"పనికొస్తుంది సార్."

"ఏంటీ?"

"కిందటి నెల అఫీవి అవ్వ ఊరెళ్ళాను. అదే, మనకి ఆకిచ్చిన నాటు వైద్యురాలు..."

"ఎవరెళ్ళమన్నారు నిన్ను? ఆ ఊరు వెళ్ళొద్దని చెప్పానా లేదా?"

"చెప్పారు. ఎందుకో మాత్రం చెప్పలేదు."

"ఆవిడ... ఏమంది?"

"ఏమంటుంది? మొక్కజొన్న కెంకే ముద్ద పెట్టింది, చేప పెట్టింది. మందు చేసి చూపించు అవ్వా అన్నాను. మన పుస్తకంలో మీరేం రాశారు? 'ఆకుని రోట్లో దంచి.' అవునా? ఆవిడ ఆ మందుకి అసలు రోలే ముట్టదు సార్! ఆకు నోట్లో వేసుకుని నమిలి, సొరబుర్రలోకి ఉమ్మి, పొద్దెక్కేదాకా మూత పెడుతుంది. అప్పుడు..."

"సరే సరే. తెలుసులే."

"తెలుసా? ఇటు చూసి చెప్పండి సార్. తెలిసి తెలిసి 'దంచి' అని రాశారా?"

"మరేం రాయను? దేశదేశాల డాక్టర్ల ముందు నిలబడి 'ముసలమ్మ నమిలి ఉమ్మితే మందయింది' అని చదవనా? పగలబడి నవ్వరూ! దంచినా నమిలినా ఆకు ఆకేగా అనుకున్నా."

"కాదు. ఆవిడ ఉమ్మిన ముద్ద తెచ్చి మూడు గొట్టాల్లో వేశా. మూడింట్లోనూ క్రిములు నూటికి తొంభై చచ్చాయి. ఉత్త ఉమ్మి వేసి కూడా చూశా, ఒక్కటీ చావలేదు. ఆకులో ఉన్నదాన్ని ఉమ్మి విరగ్గొట్టి ఇంకోటిగా మారుస్తోంది సార్! మనం వెతికేది ఆ ఇంకోదాన్నే!"

"తొంభయ్యా? నిజంగా?"

"నేను లెక్క రాసుకున్న పుస్తకం ఇదుగో, మీరే చూడండి."

"అయినా... ఉమ్మి అని ఎలా రాస్తాం ఎన్యోనాం? పరువు పోతుంది."

"ఎవరి పరువు? ఆవిడనే అడగండి. వరండాలో కూర్చోబెట్టాను."

"ఇక్కడికి తీసుకొచ్చావా! నీకేమైనా మతిపోయిందా?"

"అవ్వా, లోపలికి రా!"

"వచ్చాలేవే అమ్మాయ్. అన్నీ విన్నా. చెవులింకా బాగానే పనిచేస్తున్నాయి."

"నువ్వు... కాస్త కూర్చో."

"కూర్చోను. యాభై ఏళ్ళ నుంచీ ఈ నోటితో నమిలి ఊళ్ళో పిల్లల్ని బతికించా. ఒక్క తల్లి చీదరించుకోలేదు. నువ్వు చీదరించుకున్నావ్ చూడూ!"

"చీదర కాదు. వాళ్ళు నవ్వుతారని..."

"నవ్వితే నవ్వనీ! వాళ్ళ పళ్ళు, వాళ్ళ నవ్వు. వార్డులో పిల్లలు ఒళ్ళు కాలిపోయి ఏడుస్తుంటే నీకు నవ్వుల బెంగ పట్టుకుందా? తియ్యి కాగితం. ఆ రోలు అన్న మాట కొట్టెయ్. 'నమిలి ఉమ్మింది' అని రాయి. కింద నా పేరు రాయి. పక్కన 'మా అమ్మ' అని రాస్తావో లేదో, అది నీ ఇష్టం రా నాయనా."