జాల్యా బిగించిన బ్రిడ్జి

ఇటియ్యి బిడ్డా, ఏమైంది గీ గిటార్‌కు? జనగామ నుంచి గీ మానుకోట దాంక భుజానేసుకొని వచ్చినవా? ఆఁ, చూడు, తీగలు ఆనే గీ బ్రిడ్జి వెనకదిక్కు పైకి లేసింది. లావు తీగలు ఏసినట్టున్నవు, గదే మరి. పైన తీగలు గుంజుతుంటయి, వెనక పొట్టల స్ప్రింగులు గుంజుతుంటయి, రెండు సమానంగుంటెనే బ్రిడ్జి తక్కెడ లెక్క నిలబడతది. ఒక్క తీగ బిగిస్తివా, మిగిలిన అయిదు దిగుతయి. ఎవలు నేర్పిండ్రంటవా? నాకా? ఎవ్వలు నేర్పలే, నేనే... జర ఆగు. డెబ్బై రెండేండ్లొచ్చినయి, ఇంకా అబద్ధమెందుకు. జాల్యా అని ఒకడుండె. బయ్యారం అవతల తండా ఆయనది. నా దుకాణానికి నాలుగిండ్ల అవతల వెల్డింగ్ షాపుల పనిజేస్తుండె. పోయి ఇరవై ఎనిమిదేండ్లు.

గప్పట్ల జనగామ నుంచి భూపాలపల్లి దాంక గిటార్ ఖరాబైందంటె ఈ సోమనర్సయ్యనే. హార్మోనియాలు, రేడియోలు, అన్ని నా దగ్గరికే. చర్చిల వాయించేటోల్లు, పెండ్లిండ్ల ఆర్కెస్ట్రాలోల్లు "సోమనర్సన్నా, సోమనర్సన్నా" అనుకుంట గడప కాడ నిలబడేటోల్లు. మా ఇంటామె వెంకటనర్సమ్మ అంటుండె, "నీకు గిరాకొస్తె మెడ గూడ తిరగదు" అని. శ్యాం అని ఒకడు ఆర్కెస్ట్రాల గిటార్ కొడుతుండె. బ్రిడ్జికి ఒక కడ్డీ ఉంటది, అది అదిమితె సుతి దిగాలె, ఇడిస్తె మళ్ల తన జాగకు రావాలె గద? వాని గిటార్ దిగుతది గాని తిరిగొస్తలేదు. నేనేం జేసిన? టేకు ముక్క కోసి బ్రిడ్జి వెనక సందుల గొట్టిన. ఇగ కదిలితె ఒట్టు. "కడ్డీ ముట్టకు, సుతి పోదు" అన్న. "కడ్డీ లేకపోతె ఈ గిటార్ ఎందుకన్నా" అని మొఖం మాడ్చుకొని పోయిండు. పోయి గా గిటార్ జాల్యాకిచ్చిండట, నాలుగొద్దులకు జాల్యా నా దుకాణం కాడికొచ్చిండు. రెండు చేతులల్ల గా టేకు ముక్క. "అన్నా, మంచి చెక్క, పారెయ్యబుద్ధి గాలే. నీది నీకిద్దామని తెచ్చిన" అన్నడు. ఎక్కిరించి ఉంటె ఓర్సుకుందును బిడ్డా. ఎక్కిరించలే. గదే నన్ను కాల్చింది.

ఆయన కనిపెట్టిందేందంటె, బ్రిడ్జి ముందరంచు కత్తి లెక్క పదునుగుండాలెనట, స్క్రూల మీద అది ఆనుకొని ఊగుతదట. అది అరిగి మొద్దువారింది. శ్యాం పట్నం పోయి కొత్త బ్రిడ్జి తెచ్చిండు. తెస్తె బెజ్జాలు కలుస్తలెవ్వు, ఎంట్రుక వాసి తేడా. నేనైతె గుద్ది ఎక్కిద్దును. జాల్యా సన్న సన్న చెక్క మేకులు జెక్కి, జిగురు పెట్టి, పాత బెజ్జాలన్ని పూడ్సి, ఒక రోజంత ఎండనిచ్చి, అప్పుడు కొత్తగ బెజ్జాలేసిండు. ఇనుము అతికేటోనికి కట్టె మీద గంత ఓపికెక్కడిదో! బిగించినంక కడ్డీ అదిమిండు. సప్పుడు బాయిలకు దిగినట్టు దిగి, మళ్ల అంచు మీదికొచ్చి నిలబడ్డది. నేను బీడీ ముట్టిచ్చుకునే బహానా మీద బయట నిలబడి ఇన్న. గట్ల దొంగచాటుగ ఇనుకుంట, చూసుకుంటనే గీ పని నేర్సిన బిడ్డా. ఇగ ఒకరెనక ఒకరు అటే. "సోమనర్సన్నా, జాల్యా యాడుంటడు?" అని నన్నే అడుగుతుండ్రి! ఆఖరుకు మా ఇంటామె గూడ "ఆయన చేతిల ఏదో ఉందట గద" అన్నది. గా పూట నేను బువ్వ ముట్టలే.

తర్వాతనా... చెల్పూర్ల ఒక పెండ్లి. పట్టపగలు, మిట్టమధ్యాహ్నం. మైకుల పని మీద నేను పోయిన, గిటార్ జూసుకునుడుకు జాల్యాను తోలుకొచ్చిండు శ్యాం. అందరు బువ్వ బంతిల కూసున్నరు. గిటార్ కుర్చీ మీదుంది. వెనక మూత తీస్తె స్ప్రింగులను పట్టుకొని రెండు స్క్రూలుంటయి. ఒక్కొక్కటి రెండు చుట్లు ఒదులు జేసిన. గంతే. మూత పెట్టి పోయి నేను గూడ బంతిల కూసున్న. పప్పు ఏసుకున్న, పెరుగు గూడ ఏసుకున్న. శ్యాం పాట ఎత్తుకున్నడు, ఆరు తీగలు ఆరు దిక్కులు. పిలగాండ్లు ఈలలు. వాడు జాల్యా మీదికురికిండు: "వెల్డింగోనివి వెల్డింగ్ జేసుకోరాదు! తండా బుద్ధి తండాదే!" పెండ్లోల్లందరి ముంగట. జాల్యా గిటార్ బోర్లేసి మూత తీసిండు. స్క్రూ తలల మీద కొత్త గీతలు తెల్లగ మెరుస్తున్నయి, నాకు దూరంకెల్లే కనబడ్డయి. తలకాయెత్తి నా దిక్కు జూసిండు. నా అంగీ జేబుల స్క్రూడ్రైవర్ అట్లనే ఉంది. చూసి, శ్యాంతోని "నాదే తప్పన్నా, కొత్త స్ప్రింగులు, ఇంకా సర్దుకోలే" అన్నడు. రెండు స్క్రూలు బిగించి, తీగలన్ని సుతి జేసిచ్చి, బువ్వ గూడ తినకుండ బస్సెక్కి పోయిండు.

ఇగ గిరాకంత మళ్ల నాకే. ఆయన మహదేవపూర్ దిక్కు పనికి పోయిండు. రెండేండ్లకు పచ్చకామెర్లయి పోయిండు. తండాకు పోయిన నేను. పోకుంటె ఎట్ల? శ్యాం అప్పటికే అక్కడున్నడు, గోడకు కూలబడి ఎక్కిళ్లు పెట్టి ఏడుస్తుండు. "గసొంటి చెయ్యి మళ్ల పుట్టదు" అని ఒకాయన. "ఔ, పుట్టదు" అని ఇంకొకాయన. నాకు కంట్లె సుక్క రాలే బిడ్డా. పోయినోని మీద గూడ కుళ్లేనా అంటవు. ఔ, కుళ్లే. నేను సస్తె గీ మాట ఎవలన్న అంటరా అనుకుంట కూసున్న. జాల్యా భార్య తుల్సీబాయి నా కాడికొచ్చి, నెమ్మదిగ అడిగింది: "అన్నా, చెల్పూర్ల ఆ రోజు తప్పు మా ఆయనదేనా? ఎన్నిసార్లడిగినా నవ్విండే గని చెప్పలే. నువ్వక్కడున్నవు గద, నీకెరుకనే ఉంటది." అందరు నా దిక్కే చూస్తుండ్రు. శ్యాం గూడ ఏడుపాపి తలెత్తిండు.

"ఆయనదేనమ్మా" అన్న.

ఆమె తలూపి లోపలికి పోయింది.

...

ఏందట్ల జూస్తున్నవు? ఇగో, లావు తీగలే ఉంచాల్నా, సన్నయి ఏసియ్యాల్నా, గది చెప్పు.