సావనీర్‌కు పనికొచ్చే చెంపదెబ్బ

1983. డిట్రాయిట్ దగ్గర మంచు పడుతున్న ఆదివారం. యుద్ధకాలంలో, జపానువారి ఏలుబడిలోని రంగూన్‌లో తమ కుటుంబం ఎలా బతికిందో తెలుగు సంఘం సావనీర్‌కు రాయాలని తమ్ముడు టేప్‌రికార్డర్ పెట్టుకుని కూర్చున్నాడు. ఇండియా నుంచి వచ్చిన అక్క బీన్స్ తుంచుతోంది.

“అక్కా, నాన్న జపాన్‌వాళ్లని ఎలా ఎదుర్కొన్నాడు?”

“వంగి. సెంట్రీ కనబడితే చాలు, నడుం విరిగేలా వంగేవాడు.”

“అదేంటి! ‘తల వంచని నాన్న’ అని టైటిల్ కూడా ఫిక్స్ చేసేశాను.”

“నాన్న భుజం మీద నిద్రపోయే పసిగుడ్డువి, నీకేం తెలుసురా?”

“పోనీ, నిన్నెవడో సోల్జర్ కొట్టాడట కదా? అది చెప్పు.”

“నేను వంగనని మొండికేశాను. వాడు తుపాకీ ఎత్తేలోపు నాన్నే నా చెంప పగలగొట్టాడు. వాడు నవ్వి వదిలేశాడు.”

తమ్ముడు టేప్ ఆపేశాడు.

“అక్కా, ఇది నలుగురూ చదివేది. సోల్జరే కొట్టాడని రాస్తాను.”

“రాసుకో నాయనా. ఇంటికొచ్చాక నా చెంపకి కొబ్బరినూనె రాస్తూ వెక్కివెక్కి ఏడ్చింది కూడా ఆ సోల్జరేనని రాస్తావా?”